‘ఒప్పుకోలేదు’ అని రాయి

మార్లా స్టిడమ్ నాకంటే పదకొండేళ్లు చిన్నది. అయినా దెబ్బలు తగిలినవాళ్లు కోలుకునే ఆ పునరావాస కేంద్రంలో ఆమె థెరపిస్టు, ఎనిమిది వారాల నా శిక్షణ ఆమె చేతుల్లోనే ఉండేది. నాకప్పుడు ముప్పై తొమ్మిది. అంతకుముందు పద్నాలుగేళ్లు వృద్ధాశ్రమాల్లో ముసలివాళ్లను ఎత్తి దించి, స్నానాలు చేయించి, నడుము ఇంక నావల్ల కాదన్నాక మా కెంటకీ కొండల్లోని చిన్న కాలేజీలో ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంటు కోర్సులో చేరాను. దెబ్బ తగిలి లేచినవాళ్లకు బట్టలు వేసుకోవడం, తినడం, వంట చేసుకోవడం మళ్లీ అలవాటు చేయించే పని అది.

ఆ కోర్సులో అడుగు పెట్టాలంటే ముందు జీవశాస్త్రం గట్టెక్కాలి. మొదటిసారి నేను తప్పాను, అదీ చేతి నరాల దగ్గరే. మెడలో ఐదు చోట్ల బయలుదేరి, కలిసి, చీలి, మళ్లీ కలిసి వేళ్లదాకా దిగే ఆ నరాలు నాకు పిల్లి చిక్కు చేసిన ఊలు ఉండలా కనబడేవి. రెండోసారి నా కూతురు బ్రిన్లీ చేతి మీద రంగు పెన్నులతో గీసుకుని చదివాను. రంగులు ఒక పట్టాన పోక, పాపం ఆ పిల్ల వారంపాటు పొడుగు చేతుల చొక్కాలే వేసుకుని బడికి వెళ్లింది. పరీక్షలో నాకు తొంభై ఒకటి వచ్చింది.

కోర్సులో భాగంగా ఆ కేంద్రంలో శిక్షణకు చేరిన మూడో వారంలో నాకు డెల్మర్ నేపియర్‌ను అప్పగించారు. డెబ్బై మూడేళ్ల మనిషి, నలభై ఏళ్లు స్కూలు బస్సులు బాగుచేసినవాడు. తుంటి ఎముక విరిగి వచ్చాడు. ఇంట్లో ఒక్కడే. తన బట్టలు తాను వేసుకోగలిగితేనే ఇంటికి పంపుతారు, లేకపోతే శాశ్వతంగా ఉండిపోయేవాళ్ల వార్డుకు మారుస్తారు. గుండీలు పెట్టుకోవడానికి వేళ్లకు సాధనగా మార్లా ఆయన ముందు చిల్లుల పలక ఒకటి పెట్టి, ప్లాస్టిక్ పుల్లలు గుచ్చమంది.

"అమ్మాయ్, ఇంజిన్లు విప్పి బిగించిన చేతులివి. ఈ పిల్లలాట నాకెందుకు?" అంటూ పలకను తోసేశాడు. పుల్లలన్నీ నేలపాలయ్యాయి.

"మొండి ముసలాడు," అంది మార్లా నాతో. "రోజూ ఇదే తంతు. ఒప్పుకోలేదు అని రాసెయ్యి."

కానీ పలక తోసెయ్యకముందు జరిగింది నేను ఆయన పక్కనే కూర్చుని చూశాను. మొదటిసారి పుల్ల వేళ్లలోంచి జారిపోయింది. రెండోసారీ జారింది. ఆ సిగ్గుతోనే ఆయన పలక తోసేశాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన ఎదుట కూర్చున్నాను. చిక్కుడు గింజల పులుసు, మొక్కజొన్న రొట్టె పెట్టారు. చెంచాను పసిపిల్లాడిలా పిడికిలితో పట్టుకున్నాడు. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య, చేతి వెనక వైపు, కండ ఉండాల్సిన చోట గుంట పడి ఉంది.

"ఆ చిటికెన వేలు తిమ్మిరిగా ఉంటుందా, డెల్మర్ గారూ?"

ఆయన చెంచా దించాడు. "తిమ్మిరా? అది నాదో కాదో కూడా తెలీదు. పక్క వేలు సగం నాది, సగం కాదు. ఇక్కడికొచ్చాకే మొదలైంది. చెప్పాను. వయసన్నారు."

ఆయన మోచెయ్యి చక్రాల కుర్చీ చేతికి గట్టిగా ఆని ఉంది. పైన మెత్త ఊడిపోయి ఉత్త లోహం మిగిలింది. పొద్దస్తమానం అక్కడే ఆనుకుంటాడు, సరిగ్గా దెబ్బ తగిలితే జివ్వుమనే చోట. బ్రిన్లీ చేతి మీద ఆకుపచ్చ పెన్నుతో నేను గీసిన నరం అక్కడే చర్మానికి అతి దగ్గరగా పోతుంది.

పరుగులాంటి నడకతో మార్లా దగ్గరికి వెళ్లాను. అంతా విని ఆమె నవ్వింది.

"జీవశాస్త్రం క్లాసు ఇంకా దిగలేదా నీకు? నువ్వు డాక్టరువా?"

"కాదు. డాక్టరుకు చూపించమంటున్నాను."

"ట్వైలా, రోగం పేరు పెట్టడం నీ పని కాదు. అసిస్టెంటువి. అసిస్టెంటువి కూడా కాదు, ఇంకా విద్యార్థివి."

అందులో అబద్ధమేమీ లేదు. అందుకే రోగం పేరు రాయలేదు. ఆయన రోజువారీ నోటులో, చిటికెన వేలికి స్పర్శ తెలియడం లేదని, పుల్ల రెండుసార్లు జారిందని, చేతి వెనక గుంట ఉందని, కుర్చీ మెత్త ఊడిందని, చూసింది చూసినట్టు రాశాను. తెల్లారి చూస్తే నా మాటలు కొట్టేసి ఉన్నాయి. వాటి స్థానంలో ఒకటే వాక్యం: రోగి చికిత్సకు ఒప్పుకోలేదు. కింద సంతకానికి నా పేరు.

"సంతకం పెట్టు. శుక్రవారం మీటింగులో ఆయన్ని వార్డుకు మార్చేస్తున్నాం," అంది మార్లా.

నాకు ఒళ్లు మండిపోయింది. పద్నాలుగేళ్లలో ఇలాంటి ‘ఒప్పుకోలేదు’లు ఎన్ని చూశానో! పళ్లు నొప్పెట్టి తినలేని ఆమెకూ అదే మాట, వినబడక జవాబివ్వని ఆయనకూ అదే మాట.

"ఆయన ఒప్పుకోకపోవడం కాదు, నువ్వు చూడకపోవడం!" అని అరిచాను. హాలంతా తిరిగి చూసింది. "ఒక్కసారి ఆ చెయ్యి నీ చేతిలోకి తీసుకుని చూశావా? పేరు పక్కన అంత చదువు రాసుకుంటావే, చెయ్యి పట్టుకోవడం రాదా నీకు?"

"బ్యాగు తీసుకుని బయటికి నడువు," అంది మార్లా. తలుపు వైపు వేలు చూపించింది.

వెళ్తూ డెల్మర్ గది దగ్గర ఆగాను. "శుక్రవారం మీటింగుకు డాక్టరు వస్తాడు, మిమ్మల్నీ కూర్చోబెడతారు. చెయ్యి ఆయన ముందు టేబుల్ మీద పెట్టండి. చూసేదాకా తియ్యకండి."

కాలేజీలో మా కోర్సు అధిపతి ఆడ్రా బ్లెవిన్స్ నన్ను పిలిపించింది.

"అరిచావట?"

"అరిచాను."

"క్షమాపణ రాయాలి."

"అరిచినందుకు రాస్తాను. నేను రాసిన నోటుకు మాత్రం చచ్చినా రాయను."

ఆమె కేంద్రం పంపిన కాగితాల్లోంచి నా నోటు తీసి చదివింది. "నోటులో తప్పు లేదు. అయినా ఆ కేంద్రం నిన్ను మళ్లీ రానివ్వదు. ఎనిమిది వారాలూ తర్వాతి విడతలో ఇంకోచోట మొదటినుంచి చెయ్యాలి," అంది. అంటే ఆరు నెలలు పోయినట్టే. ఆ రోజు కారులో కూర్చుని స్టీరింగును చేతులు నొప్పెట్టేలా గుద్దాను.

మూడు నెలల తర్వాత కాలేజీకి ఫోను చేసి నన్ను పిలవమన్నాడు డెల్మర్. మీటింగులో టేబుల్ మీద చెయ్యి పెట్టి, ‘ఇది చూడకుండా ఒక్కడూ లేవడానికి వీల్లేదు’ అన్నాడట. లెక్సింగ్టన్ పెద్దాసుపత్రిలో పరీక్షలు చేసి, నరం నలిగిపోయిందని మోచేతికి ఆపరేషన్ చేశారట.

"ఇంట్లోంచే మాట్లాడుతున్నా, అమ్మాయ్. ముందే చూసుంటే మొత్తం వచ్చేదన్నాడు డాక్టరు. ఇప్పుడు సగం వచ్చింది. గుండీలు నేనే పెట్టుకుంటున్నా. చిన్న నట్లు మాత్రం ఇంక పట్టలేను."

సంతోషించాను. ఆ మిగిలిన సగం తలుచుకుని ఆ రాత్రంతా పళ్లు కొరుక్కున్నాను.

మరుసటి వసంతంలో కోర్సు పూర్తయింది, లైసెన్సు వచ్చింది. ఓ శనివారం కూరగాయల దుకాణంలో మార్లా ఎదురైంది. ఇంకా అక్కడే, అదే ఉద్యోగం. తోసుకొస్తున్న సరుకుల బండి ఆపి, నవ్వుతూ అంది: "ఆ రోజు ఇద్దరం కాస్త వేడి మీదున్నాం కదా, ట్వైలా?"

"నువ్వు చల్లబడ్డావేమో. నేను ఇంకా వేడి మీదే ఉన్నాను," అని నా బండి తోసుకుంటూ ముందుకు వెళ్లిపోయాను.