పిల్ల సిలిండరు

రస్మినీకి సముద్రమంటే భయం లేదు. ఆమె భయమల్లా ఒక్కటే. ముప్పై మీటర్ల లోతులో వీపున ఉన్న పెద్ద గాలి సిలిండరు మొరాయించి, మొగుడు ఆపదకని పక్కన కట్టుకునే పిల్ల సిలిండరు గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చిన క్షణాన అందులో ఏమీ లేకపోవడం.

ఆ ఆదివారం ఉదయం కూడా ఆ భయాన్ని మోస్తూనే ఆమె నెత్తిన చుట్టకుదురు సర్దుకుంది. పాత నీలం తువ్వాలును మెలిపెట్టి చుట్టిన కుదురు అది. తల్లి మెడ వంగిపోయి పని మానేసిన రోజున దాన్ని తీసి కూతురి నెత్తిన పెట్టింది. అప్పటికి రస్మినీ ఆరో క్లాసు. పుస్తకాల సంచి మళ్ళీ భుజానికి ఎక్కలేదు. పదకొండేళ్ళుగా నెత్తిమీద సిలిండర్లే.

మోకాళ్ళు వంచి పెద్ద సిలిండరును తలకెత్తుకుంది. ఒంటిచేత్తో పట్టుకుని, రెండో చేత్తో పసుపు రంగు పిల్ల సిలిండరును చంకనేసుకుంది. అతిథులను సముద్రం అడుగు చూపించడానికి తీసుకెళ్ళే షాపు నుంచి నీళ్ళదాకా అన్నీ నల్లరాళ్ళే. ఏ రాయి కదులుతుందో, ఏది కదలదో ఆమె పాదాలకు తెలుసు.

"నీ కూతురు దియంతిని ఇంత ఆప్యాయంగా ఎత్తుకోగా నేను చూళ్ళేదే పిల్లా," అంది వెనకనుంచి తోటి మోతమనిషి పుడ్జా వాళ్ళమ్మ. ఆమె నెత్తిన రెండు సిలిండర్లున్నాయి. అరవై దాటినా నోరు మాత్రం ఊరుకోదు.

"దియంతి ఏడిస్తే తెలుస్తుంది అత్తా. ఇది ఏడవదు."

మిగతా ఆడవాళ్ళకు బరువు దించితే పని అయిపోయినట్టే. రస్మినీ పని అక్కణ్ణుంచే మొదలవుతుంది. మొగుడు విర్తా ఆ షాపులో అతిథులను నీళ్ళ అడుగుకి తీసుకెళ్ళే మనిషి. అతని సామాను ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వదు. పిల్ల సిలిండరును పెద్దదాని పక్కన, మూత చేతికందేలా నిలబెడుతుంది. రెండు పట్టీలనూ ముందు ఉప్పునీళ్ళలో తడిపి మరీ బిగిస్తుంది. పొడి పట్టీ బిగిస్తే నీళ్ళలో నాని సాగుతుంది, సిలిండరు జారుతుంది. గొట్టాన్ని అతని మెడచుట్టూ తిప్పి, గడ్డం కింద రబ్బరు తాడుకు తగిలిస్తుంది. కానీ వీటన్నిటికంటే ముందు మూత తిప్పి, రూపాయి బిళ్ళంత గుండ్రటి అద్దంలో, గాలి ఎంతుందో చెప్పే ముల్లు ఎక్కడుందో చూస్తుంది. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. పెళ్ళయిన కొత్తలో, భయం వేసి, చూసి చూసి నేర్చుకుంది.

ఆ వేళ ముల్లు కనబడలేదు.

ముందురోజు తుంపెక్ లందెప్. ఇనుముకి పూజ చేసే శనివారం. కత్తులు, బళ్ళు, గాలి నింపే యంత్రం, సిలిండర్లు అన్నిటికీ పూలు, బియ్యం, లేత కొబ్బరాకు అల్లికలు. షాపు యజమాని పాక్ సుబ్రాతా పిల్ల సిలిండరు మెడకు తనే అల్లిక కట్టాడు. అది సరిగ్గా అద్దం మీద పడింది. మూడో రోజు తన చేత్తో తను విప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదని చెప్పాడు.

నిన్న పూలు పెడుతున్నప్పుడు పెరట్లోంచి వచ్చిన చప్పుడు రస్మినీకి అప్పుడు గుర్తొచ్చింది. బుస్సుమని చాలాసేపు. టైరు గాలి తీస్తున్నారేమో అనుకుంది. పూజకు ముందు పాక్ సుబ్రాతా నాలుగు మోటారు బళ్ళూ తళతళలాడాయి. గొలుసుల సందుల్లో కూడా ఇసుక రేణువు లేదు.

ఆమె కొబ్బరాకు కిందికి వేలు దూర్చి పైకెత్తింది. ముల్లు సున్నా మీద పడుకుని ఉంది.

నా మొగుడి ఊపిరిని ఊది బండి తుడుచుకున్నాడు అనుకుంది. ఇంకేమీ తోచలేదు.

విర్తా పక్కనే రాతి మీద కూర్చుని, అతిథులిద్దరికీ చేతి సైగలు చూపిస్తున్నాడు. ఎర్రటి ముఖం ఆయన, పొడుగాటి ఆవిడ. ఈ పూట వాళ్ళు అడుగున పగడపు గోడ నిట్టనిలువుగా లోతుకి దిగే చోటికి వెళ్తారు.

"బ్లీ, ఇందులో గాలి లేదు," అంది మెల్లగా, మొగుణ్ణి ఎప్పుడూ పిలిచే పిలుపుతో.

అతను అతిథుల వైపు నవ్వు చెదరనివ్వలేదు. "కట్టెయ్. వాళ్ళు చూస్తున్నారు."

ఆమె కట్టలేదు. సిలిండరును చంకనేసుకుని వచ్చిన దారినే వెనక్కి నడిచింది. రాళ్ళ మీద అంత వేగంగా ఆమె ఎప్పుడూ నడవలేదు.

పాక్ సుబ్రాతా వరండాలో కాఫీ తాగుతున్నాడు. గాలి నింపే యంత్రం మీద బుట్టల్లో పూలు ఇంకా వాడలేదు. విషయం చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు సరికదా, నవ్వాడు. యంత్రాన్ని పూజ మర్నాడు పొద్దున్నే ఎలా కదిలిస్తానన్నాడు, మధ్యాహ్నం చూద్దామన్నాడు. అది లేకుండా లోతుకి పంపకండి, పైపైన తిప్పి తీసుకురమ్మనండి అని ఆమె అంది. అతిథులు గోడ చూడ్డానికే వచ్చారన్నాడు ఆయన.

"ఆరేళ్ళలో ఆ గొట్టం నోట్లో పెట్టుకున్నవాడు ఒక్కడున్నాడా? అది అతిథులు చూసి ధైర్యం తెచ్చుకోడానికి. అంతే. ఆరో క్లాసు చదివిన దానివి, నాకు గాలి పాఠం చెప్పకు."

"ఆరో క్లాసులో సున్నా చెప్పారండీ నాకు. సున్నా అంటే ఏమిటో తెలుసు."

కాఫీ కప్పు ఆగింది. ఆయన లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి విర్తా నిలబడి ఉన్నాడు. అతని ముఖంలో కోపం లేదు. కోపం ఉన్నా బావుండేది. ఉన్నది సిగ్గు. పెళ్ళాం రాళ్ళ మీద అటూ ఇటూ పరుగులు తీసినందుకు సిగ్గు. చంకలోంచి సిలిండరు తీసుకుని తనే కట్టుకున్నాడు, పట్టీలు తడపకుండా. కొబ్బరాకు అల్లికను కూడా వదిలేశాడు. ఎర్రముఖం ఆయన దాన్ని చూసి ముచ్చటపడి ఫోటో తీసుకున్నాడు.

"పాప లేచి ఉంటుంది, వెళ్ళు," అని నీళ్ళలోకి దిగాడు.

పాప అమ్మమ్మ దగ్గరుంది. రస్మినీ వెళ్ళలేదు. బుడగలు లేచినంతసేపు బుడగలు చూసింది. అవి దూరమై అలల్లో కలిసిపోయాక, కాళ్ళ కింది రాయిని చూసింది. పుడ్జా వాళ్ళమ్మ వచ్చి పక్కన కూర్చుంది. రస్మినీ ఒక్కొక్కరినీ లోపల్లోపల తిట్టుకుంది. బళ్ళు తళతళలాడాలన్నవాణ్ణి. నవ్వు చెదరనివ్వనివాణ్ణి. చప్పుడు విని కూడా పూలు పెడుతూ కూర్చున్న తనను.

ముప్పావు గంటకు మూడు తలలు తేలాయి.

విర్తా రాళ్ళ మీదికి ఎక్కి వచ్చాడు. పట్టీ సాగి, పిల్ల సిలిండరు జారి నడుము దగ్గర అడ్డంగా వేలాడుతోంది. కొబ్బరాకు కొట్టుకుపోయింది. అద్దం ఇప్పుడు అందరికీ కనబడుతోంది, చూసేవాళ్ళే లేరు.

"చూశావా," అన్నాడతను నవ్వుతూ. "ఏమైంది?"

పొద్దుటినుంచీ పడ్డ మాటలన్నిటిలోకీ ఆమెను ఎక్కువ మండించింది ఆ మాటే. అతని సిలిండర్లు విప్పింది, ఎప్పటిలాగే తలకెత్తుకుంది, చంకనేసుకుంది, షాపుకి చేర్చింది. పిల్లదాన్ని మంచినీళ్ళతో కడిగి, అరమీద ముల్లు బయటికి కనబడేలా పెట్టింది. నెత్తిమీద చుట్టకుదురు తీసి, దాని పైన ఉన్న మేకుకు తగిలించింది. మధ్యాహ్నం మోత పని ఇంకా ఉంది. ఆమె ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆ తీరంలో ఎవరూ ఆమెను చూడలేదు.

ఇప్పుడు ఊరికి అవతలి కొసన తల్లితో కలిసి ఉప్పు ఆరబెడుతోంది. దియంతి ఉప్పు మళ్ళలో పాదాల ముద్రలు వేసి తిట్లు తింటోంది. అక్కణ్ణుంచి సముద్రమంతా కనబడుతుంది. ముల్లు మాత్రం కనబడదు. రోజూ సాయంత్రం విర్తా భోజనానికి కూర్చోగానే ఆమె అడుగుతుంది, గాలి నింపారా అని. నింపారు అంటాడు. చేప ముల్లు తీసి పాప నోట్లో ముద్ద పెడుతూ, తలెత్తకుండా అంటాడు. ఆ రోజు నవ్విన మనిషి మాటను ఏ కొలతతో కొలవాలో ఆమెకు తెలియడం లేదు.

మీరెప్పుడైనా ఆ నల్లరాళ్ళ తీరానికి వెళ్తే, సన్నగా, ఎడమ కనుబొమ మీద గాటుతో, ఊరికే నవ్వే మనిషి ఒకడు మిమ్మల్ని నీళ్ళలోకి తీసుకెళ్తాడు. అతన్ని ఏమీ అడక్కండి, అన్నీ బాగున్నాయంటాడు. దిగేముందు ఒక్కసారి అతని వెనక్కి వెళ్ళి, వంగి, ముల్లు ఎక్కడుందో చూడండి. ఏ సిలిండరో తెలియకపోతే షాపులో అర వైపు చూడండి, అది ఉండే చోటికి పైన, మేకుకు, నడిమి భాగం తలవెంట్రుకల నూనెతో నల్లబడిన నీలం చుట్టకుదురు ఒకటి ఇంకా వేలాడుతుంటుంది.