పచ్చ మీట

లీరాయ్ డ్రైలింగ్ కాన్సాస్ శాసనసభలో ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్నాడు. అన్నేళ్లలో పన్ను పెంచే బిల్లు దేనికీ అవునని చెప్పే పచ్చ మీట నొక్కలేదు, కాదనే ఎర్ర మీటే నొక్కాడు. ఆ ఒక్క మాట మీదే ప్రతి ఎన్నికా గెలుస్తూ వచ్చాడు.

జనవరి నుంచి మే దాకా రాష్ట్ర రాజధాని టొపీకాలో సభ. మిగతా కాలం సొంతూరు మారియెన్‌ఫెల్ట్‌లో గోధుమ పొలం. ఎనభైల్లో ధరలు పడిపోయినప్పుడు వాళ్ల చర్చికి వచ్చే కుటుంబాల పొలాలు కౌంటీ కచేరీ మెట్ల మీద వేలానికి పోయాయి. పంట తగ్గింది, ధర తగ్గింది, పన్ను ఒక్కటే తగ్గలేదు. లీరాయ్ అప్పుడు ముప్పై ఏళ్లవాడు. వేలం జరిగిన ప్రతిసారీ వెళ్లి, టోపీ తీసి, వెనకాల నిలబడేవాడు. తర్వాత బడి బోర్డులో చేరాడు. అక్కడినుంచి సభకు వచ్చాడు.

అతని పేరు మీద రోడ్డు లేదు, చట్టం లేదు. తెచ్చినవి అడక్కండి, ఆపినవి అడగండి అనేవాడు. గర్భస్రావం, తుపాకులు, పన్నులు, ఏ విషయంలో అతను ఎటు ఓటేస్తాడో విలేకరులు ఓటింగుకు ముందే రాసిపెట్టుకునేవాళ్లు. సభ నిబంధనలు మాత్రం అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. కొత్త సభ్యులు ఏ పార్టీ వాళ్లయినా సందేహం వస్తే అతని బల్ల దగ్గరికే వెళ్లేవాళ్లు.

మార్చిలో వంతెనల బిల్లు వచ్చింది. పల్లెల్లో పాత వంతెనలు బాగుచేయడానికి పెట్రోలు మీద పన్ను పెంచాలని. తెచ్చినావిడ డోలరెస్ ఎస్కొబెడో, విచిటా నగరపు డెమోక్రాట్, అవతలి పార్టీ ఆవిడ. పదకొండేళ్లుగా ఆమె తెచ్చిన ప్రతి బిల్లుకూ లీరాయ్ ఎర్ర మీటే నొక్కాడు. ఓటింగు సాయంత్రం కూడా ఎర్ర మీటే నొక్కి, గోడ మీద ఓట్లు చూపే పలకలో లెక్క చూశాడు. బిల్లు గెలవడానికి సరిగ్గా ఎన్ని ఓట్లు కావాలో అన్నే పడ్డాయి. తన పార్టీ కుర్రాడొకడు అవతలికి ఓటేశాడు. వాడి మొహం చూస్తే, ఒక రాత్రి దొరికితే వెనక్కి తేవచ్చనిపించింది.

ఆ రాత్రి దొరకాలంటే ఒకటే దారి. గెలిచిన పక్షాన ఓటేసినవాడు మాత్రమే మర్నాడు లేచి, ఈ ఓటింగు మళ్లీ జరపండి అని అడగవచ్చు. ఓడినవాడికి ఆ హక్కు లేదు. స్పీకర్ ఓటింగు మూసేలోపు లీరాయ్ తన ఎర్ర ఓటును పచ్చగా మార్చాడు.

మర్నాడు పొద్దున కుర్రాడితో కలిసి గుడ్లూ రొట్టే తిన్నాడు. పది గంటలకు సభలో లేచి, మళ్లీ ఓటింగు అడిగాడు. అతను ఎర్ర, కుర్రాడు ఎర్ర. బిల్లు ఒక్క ఓటుతో చచ్చింది.

సభలో పాతకాపులు దాన్ని పనితనం అన్నారు. ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు, జూలై దాకా.

జూలైలో, పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే లోపలి ఎన్నిక వేడెక్కింది. లీరాయ్ మీద ట్రెవర్ బ్రంగార్ట్ నిలబడ్డాడు. పంట బీమా అమ్ముకునే యువకుడు, చెడ్డవాడు కాదు. అతను ఇంటింటికీ పంపిన కార్డు మీద ఒకటే వాక్యం: పెట్రోలు పన్నుకు లీరాయ్ డ్రైలింగ్ అవునన్నాడు. తేదీ కూడా వేశాడు. అందులో అబద్ధం లేదు. మర్నాటి సంగతి లేదు, అంతే.

కోతలు అయిపోయాక గోధుమ గోదాము దగ్గర కాఫీకి చేరే రైతులకు లీరాయ్ విషయం వివరించాడు. గెలిచిన పక్షం, ఓడిన పక్షం, మళ్లీ అడిగే హక్కు, అన్నీ చెప్పాడు. చిన్నప్పటి స్నేహితుడు వర్జిల్ లైకర్ చివరిదాకా విని కప్పు కింద పెట్టాడు.

"ఒరే లీరాయ్, కాదనడానికి అవునన్నానంటావు. నేను మా ఆవిడకు అలా చెబితే రాత్రికి కొట్టంలో పడుకోవాలి."

అందరూ నవ్వారు. కానీ ఇద్దరు నవ్వకుండా లేచిపోయారు. వాళ్ల నాన్నల పొలాలు ఆ కచేరీ మెట్ల మీదే పోయాయి. లీరాయ్‌కి ఓటు పోయినా ఫరవాలేదనిపించింది గానీ, ఆ ఇద్దరు అలా లేవడం మింగుడుపడలేదు. ఇంటికెళ్లి భార్య ఇర్మాకు చెబితే, నువ్వు ఎంత వివరిస్తే అంత దొంగలా కనిపిస్తావు, ఇక మానెయ్ అంది.

ఆ వారంలో డోలరెస్ ఫోన్ చేసింది. కార్డు ఆమె దాకా పోయింది. మీ ఊరొచ్చి నిన్ను తిట్టిపోనా అని అడిగింది. లీరాయ్ వద్దన్నాడు. విచిటా డెమోక్రాట్ వచ్చి తన తరఫున మాట్లాడితే ఉన్న నాలుగు ఓట్లూ పోతాయన్నాడు. నీ తరఫున అని ఎవరన్నారు అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఎన్నికకు ముందు ఆదివారం చర్చి నేలమాళిగలో భోజనాలు. ఆడవాళ్లు పొద్దుటినుంచి మాంసం, క్యాబేజీ కూరిన బీరాక్ రొట్టెలు కాలుస్తున్నారు. అభ్యర్థులిద్దరూ మాట్లాడాలి. ట్రెవర్ కార్డు పట్టుకుని క్లుప్తంగా మాట్లాడాడు. లీరాయ్ లేచి, గెలిచిన పక్షం అనగానే బల్లల దగ్గర ఫోర్కుల చప్పుడు పెరిగింది.

వెనక తలుపు దగ్గర డోలరెస్ లేచింది. పళ్లెం చేతిలోనే ఉంది.

"నాకు ఈ ఊళ్లో ఓటు లేదు. రెండు ముక్కలు చెప్పి పోతాను, ఫాదర్ గారు ఒప్పుకుంటే."

ఫాదర్ తలూపాడు.

"ఆ వంతెనల బిల్లు నాది. రెండేళ్లు తిరిగాను దానికోసం. గెలిచిన సాయంత్రం మా అమ్మకు ఫోన్ చేశాను. ఈ పెద్దమనిషి నా బల్ల దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు. బాగా కష్టపడ్డారు అన్నాడు. పదకొండేళ్లలో మొదటిసారి నాకు ఓటేశాడని నేను పొంగిపోయాను. పొద్దున్నే లేచి నా బిల్లును చంపాడు." ఆమె పళ్లెం బల్ల మీద పెట్టింది. "ఇతను పన్నుకు ఓటేశాడని మీరు ఏడుస్తున్నారా? నిజంగా వేసుంటే నేనింత దూరం ఎందుకొస్తానయ్యా?"

ఫోర్కులు ఆగాయి. చెయ్యి కలిపిన సంగతి లీరాయ్ ఎవరికీ చెప్పలేదు, ఇర్మాకు కూడా. ఇర్మా అతనివైపు చూసింది.

ట్రెవర్ తేరుకుని అడిగాడు. "అయితే మేడమ్, మమ్మల్ని ఎవర్ని పంపమంటారు?"

"నిన్నే నాయనా. నువ్వొస్తే నా బిల్లు మొదటి వారంలో గట్టెక్కుతుంది."

హాలు నవ్వింది. ట్రెవర్ కూడా ఎర్రబడి నవ్వాడు. ఆ రోజు గోదాము దగ్గర లేచిపోయిన ఇద్దరిలో ఒకడు వచ్చి లీరాయ్ భుజం తట్టి పోయాడు.

భోజనాలయ్యాక లీరాయ్ ఆమెను కారు దాకా సాగనంపాడు. ఇర్మా కట్టిచ్చిన బీరాక్‌ల పొట్లం ఆమె వెనక సీటులో పెట్టింది. నాకోసం వచ్చారా అని అతను అడగబోయి, ఆగాడు.

"నీకోసం రాలేదు," అంది ఆమె, అడిగినట్టే. "ఈ కోపం మార్చి నుంచి లోపలే దాచుకున్నాను. సభలో తిడితే మర్యాద కాదంటారు. ఇక్కడైతే వింటారనిపించింది."

"ఓటు సంగతి నేనేం అనను. మళ్లీ అయినా అలాగే వేస్తాను."

"తెలుసు."

"చెయ్యి కలపకుండా ఉండాల్సింది."

"ఉండాల్సింది," అంది ఆమె. కారు తీసింది.

ఆగస్టు మొదటి మంగళవారం లీరాయ్ గెలిచాడు. ఎప్పటంత మెజారిటీ రాలేదు గానీ గెలిచాడు. మర్నాడు పొద్దున గోదాము దగ్గరికి వెళితే కాఫీ పోసి కూర్చోబెట్టారు. పన్నుకు ఓటేశాడన్న మాట ఎవరి నోటా లేదు. ఇప్పుడు వేరే కథ నడుస్తోంది. వర్జిల్ బయటి ఊరి లారీ డ్రైవర్లకు చెబుతున్నాడు, మా లీరాయ్ ఎంత గడుసువాడో తెలుసా, విచిటా ఆవిడకు చెయ్యి కలిపి మరీ గొయ్యి తవ్వాడు అని. ఎలా కలిపాడో తన చేత్తో చూపిస్తున్నాడు. డ్రైవర్లు బల్ల చరిచి నవ్వుతున్నారు.

"ఆ చెయ్యి సంగతి ఎత్తకురా," అన్నాడు లీరాయ్.

వర్జిల్ అది కూడా హాస్యమే అనుకుని, కొత్తగా వచ్చినవాళ్లకు కథ మొదటినుంచి అందుకున్నాడు.