ఆఖరి ఫెర్రీకి ఆమేన్

జెట్టీలో అతికించిన నోటీసును మా వీధిలో మొదట చదివింది నేనే. హిందీ అక్షరాలు నాకు బడిలో రాలేదు; ఓడల మీది పేర్లు, బిస్కెట్ పొట్లాలు కూడబలుక్కుని నేర్చుకున్నవి. అందుకే రెండుసార్లు చదివాను. రాత్రి ఎనిమిదిన్నరకు పోర్ట్‌బ్లెయిర్ నుంచి మా బాంబూఫ్లాట్ చేరే ఆఖరి ఫెర్రీని ఆపేయాలని ప్రైవేటు బస్సుల సంఘం కోరింది. అభ్యంతరం ఉన్నవాళ్లు శుక్రవారం పదకొండింటికి పోర్ట్‌బ్లెయిర్ రవాణా ఆఫీసుకు వచ్చి చెప్పుకోవాలి.

మనవరాలు క్యారొలిన్ పోర్ట్‌బ్లెయిర్‌లో మందుల షాపులో పనిచేసి ఆ ఫెర్రీలోనే ఇల్లు చేరుతుంది. అది ఆగిపోతే అక్కడే డిగ్నాబాద్‌లో గది తీసుకుంటానని ఆ రోజే తేల్చేసింది.

"వారానికోసారి వస్తాను కదా అమ్మమ్మా!"

అలా చెప్పి వెళ్లినవాళ్లు నాకు తెలుసు. వైద్యానికని విశాఖ ఓడెక్కిన మా ఆయన కూడా పదిహేను రోజుల్లో వస్తానన్నాడు.

మా తెలుగు చర్చిలో స్త్రీల కూడికకు తొమ్మిదిమందిమి వెళ్తాం. నోటీసు సంగతి వినగానే, ఏదో ఆఫీసులో టైపు చేసి రిటైరైన ఫేబే లేచింది. "ఒక్కొక్కలం ఎల్తే గేటు కాడే ఆపీస్తారు లీదియక్కా. గుంపుగా ఎల్తే కుర్చీలేస్తారు."

పక్కింటి అప్పలకొండమ్మ పదోది. ఆమె చర్చికి రాదు గాని కొట్లాట ఉందంటే ఎక్కడికైనా వస్తుంది.

శుక్రవారం నిజంగానే కుర్చీలు వేశారు. బస్సుల సంఘం కార్యదర్శి గోపినాథ్ రంగురంగుల ఫైలు పట్టుకుని ముందు వరుసలో ఉన్నాడు. మాది ఒకే ఒక్క కాగితం. నాలుగు రోజులుగా కంఠస్థం చేస్తున్నాను, అయినా మళ్లీ ఒకసారి చూసుకున్నాను. ఆఫీసరు మేడమ్ సైగ చేయగానే గోపినాథ్ లేచాడు.

"మేడమ్‌జీ! ఆఖరి ఫెర్రీలో మనుషులే ఉండరు!" అని గొంతు పెంచి ఆగాడు.

"ఆమేన్!" అన్నాం మేమంతా.

ఏం చేయను? మా కూడికలో ఎవరైనా గొంతు పెంచి ఆగితే ఆమేన్ అనడం నలభై ఏళ్ల అలవాటు. మనసును అడక్కుండానే నోరు అనేస్తుంది. గుమాస్తా రామ్‌ప్రసాద్ చకచకా ఏదో రాసుకున్నాడు.

అప్పలకొండమ్మ నన్ను గిల్లింది. "ఒప్పీసుకున్నారని రాసీసినాడే! నోర్ముయ్యండి!"

కొంగు నోట్లో కుక్కుకున్నాను. లాభం లేకపోయింది.

"మా బస్సైతే గుమ్మం కాడ దింపుతాది!"

"ఆమేన్!" ఈసారి ఫేబే చెయ్యి కూడా ఎత్తింది.

గోపినాథ్ కళ్లు మెరిశాయి. పాపం, అతని మాట ఇంత శ్రద్ధగా విన్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరేమో. ఫైలు కుర్చీలో పడేసి ముందుకొచ్చాడు.

"జనానికి తక్లీఫ్ ఉండకూడదు!"

"ఆమేన్!"

"మన దీవుల్లో సముద్రమే సడక్!"

"స్తోత్రం!"

"మా నాన్న యర్రయ్య రంపం మిల్లులో పని సేసి ఆ ఆఖరి ఫెర్రీలోనే ఇంటికొచ్చీవోడు! చిన్నప్పుడు నాను జెట్టీ మీద నిలబడి ఆ లైటు కోసం సూసీవోడిని!"

"హల్లెలూయ!" ఇది అప్పలకొండమ్మ. నాకేమో ఏడుపొచ్చేసింది.

బస్సుల సంఘంవాళ్లు అతని చొక్కా లాగుతున్నారు. "అరె భయ్యా, ఏం మాటాడుతున్నావ్?" అతను వినలేదు.

"ఆ ఫెర్రీ ఆపీస్తే..." అని ఆగాడు. మేం పలకలేదు. మా ముఖాలు చూశాడు. "ఆపీస్తే పిల్లలు ఏ లైటు కోసం సూస్తారమ్మా!"

"ఆమేన్!!" కిటికీ మీది పావురాలు లేచిపోయాయి.

మేడమ్ నవ్వు ఆపుకుంటూ, "గోపినాథ్‌జీ, ఆప్ కిస్‌కీ తరఫ్ సే ఆయే హై?" అని అడిగింది.

ఎవరి తరఫున వచ్చాడో అప్పుడు గుర్తొచ్చి, అతను ముఖం తుడుచుకున్నాడు. "ఫెర్రీ ఉండనీండి మేడమ్. మా బస్సు జెట్టీ కాడ నిలబడతాది. దిగినోళ్లని లోపలి ఊళ్లకి తీసుకెల్తాది. మాకూ సవారీలు దొరుకుతాయి."

"మీరేమంటారు?" అన్నట్టు మేడమ్ నావైపు చూసింది. లేచి నిలబడ్డాను. కంఠస్థం చేసినదంతా ఎగిరిపోయింది. "భయ్యా చెప్పిందే మా మాట కూడానమ్మా," అని కూర్చున్నాను. ఫెర్రీ యథాప్రకారం నడుస్తుందనీ, బస్సు టైము దానికి కలపాలనీ మేడమ్ రాయించింది.

అయినా నాకు భయం పోలేదు. రామ్‌ప్రసాద్ దగ్గరికి వెళ్లాను. "బాబూ, మొదట్లో రాసినయ్యి కొట్టెయ్యవా?"

"కొట్టేశాను దీదీ. మీరు ఎవరి పార్టీయో నాకే అర్థం కాలేదు."

బయట గోపినాథ్ మా వెనకే పరుగెత్తుకొచ్చాడు. "బుధవారం జీపులోళ్లతో మాకు మీటింగుంది ఆంటీ. మీరు పదిమందీ రావాల. ఊరికే కూకుంటే చాలు!"

"వస్తాం గాని, ఆళ్లు గట్టిగా మాటాడినా ఆమేన్ అనీస్తాం. మా నోరు మా సేతుల్లో నేదు," అంది అప్పలకొండమ్మ. తిరుగు ఫెర్రీలో మేం ఎంత నవ్వామంటే టికెట్ అబ్బాయి మా దగ్గరకు రావడానికే జంకాడు.

క్యారొలిన్ గది వద్దని చెప్పేసింది. తన కోసం జెట్టీలో కాచుకోవద్దని మాత్రం నాకు షరతు పెట్టింది. సరేనన్నాను. సోమవారం ఏడున్నరకే అక్కడ ఉన్నాను. గోపినాథ్ కొత్త బస్సు దండ వేసుకుని నిలబడి ఉంది. ముందు సీట్లో అప్పలకొండమ్మ. ఆమె ఇల్లు అక్కడి నుంచి కేకేస్తే వినపడేంత దూరం.

"ఫెర్రీ రానీ, అందరితో పాటే మా గుమ్మం కాడ దిగుతాను," అంటూ కండక్టరును టికెట్ అడుగుతోంది.