ఉప్పు చూసే నాలుక

"నాన్నమ్మా, వూస్టర్ సాస్ అందుకో" అంది మా అమ్మాయి శ్రావణి. మా అత్తగారు వెంకాయమ్మ పెరట్లోంచి బకెట్ తెచ్చి దాని ముందు పెట్టారు. "ఊస్తారా? ఇందులో ఊయండి. గచ్చు మీద కాదు."

నవ్వలేక చచ్చాం. అది ఇంగ్లండులో ఏదో ఊరిపేరు పెట్టుకున్న నల్లటి పులుసు. హోటల్ చదువు చదువుతున్న శ్రావణి సీసా తెచ్చింది. చుక్క నా నాలుక మీద పడగానే చింతపండు, బెల్లం, వెల్లుల్లి, ఎండు నెత్తళ్లు వరసగా హాజరు పలికాయి. "మన తోట మామిడి పులుపుతో నేను చేస్తా, మీ కాలేజీ పోటీకి పట్టుకెళ్లు" అన్నాను.

మా ఆయన రాఘవేంద్ర పేపరు దించలేదు. "నీ నోరు జోకులకే భవానీ. రుచికి మా అమ్మ ఉంది."

ఇరవై రెండేళ్లుగా ఇంతే. కారం నాది, అధికారం ఆవిడది. ఆవకాయైనా సరే, మూడోనాడు తిరగకలిపినప్పుడు ఉప్పు చూడాల్సింది అత్తగారే. అది మా ఇంటి రాజ్యాంగం. నేను చేయబోయే సాస్ సీసాల మీద అంటించడానికి 'వెంకాయమ్మ గారి సాస్' అని కాగితాలు కూడా అచ్చేయించారాయన.

నిజానికి నాలుగేళ్ల కిందట జ్వరం వచ్చి తగ్గాక అత్తగారికి రుచి పోయింది. నాకొక్కదానికే చెప్పి ఏడ్చారు. అప్పట్నుంచీ ఆవిడ వేలు నాకి నా వైపు చూస్తారు. నేను ముక్కుపుడక ముట్టుకుంటే ఉప్పు చాలలేదని. పొయ్యి దగ్గర నాకు స్టూలు వేయించిందీ, మధ్యాహ్నాలు నన్ను పడుకోబెట్టి గుమ్మంలో కాపలా కూర్చుందీ ఆ దొంగతనం మొదలయ్యాకే. పుట్టింట్లో కూడా నన్నెవరూ అలా పడుకోనివ్వలేదు.

సాస్ కలిపిన మూడోనాడు అందరం జాడీ చుట్టూ చేరాం. పక్కింటి కమల కూడా వచ్చింది. అత్తగారు వేలు నాకి నన్ను చూశారు.

"అమ్మ నాలుకంటే నాలుక! చూసి నేర్చుకోవే" అన్నారాయన.

ముక్కుదాకా వెళ్లిన చెయ్యి దించేశాను. అత్తగారి కళ్లలో బెదురు కనబడింది. నాకు పేరు రాకపోతే పోనీ అనుకుని మళ్లీ ఎత్తబోయాను. ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు.

"ఇంకెన్నాళ్లు ముక్కు పట్టుకుంటావే?" కొడుకు వైపు తిరిగారు. "ఒరేయ్ రాఘవా, ఆ జొరం వచ్చిన కాణ్ణుంచీ నాకు ఉప్పుకీ పంచదారకీ తేడా తెలీదురా. నాలుగేళ్లుగా నువ్వు లొట్టలేస్తున్నది దీని నాలుకకి. ఆ కాగితాలు మార్పించు. కమలా, విన్నావుగా, ముసునూరు దాకా చెప్పు."

ఆయన పేపరు కోసం వెతుక్కున్నారు. అత్తగారు గరిటె నా చేతిలో పెట్టారు. "ఎంత పడుతుందే?"

"ఇంకో చెంచాడు అత్తయ్యా" అన్నాను, ఈసారి నోటితో.