సుంకన్న జేబులో మూడేళ్లు

నేను ఒక బటన్ ఫోన్‌ను. ఏ ఊరి ఫ్యాక్టరీలోనో ఎవరో అమ్మాయి నాకు మీటలు బిగించింది. మేకపిల్లను అమ్మి నన్ను కొన్నది ఓబులమ్మ. చొక్కా జేబులో వేసుకున్నది ఆమె మొగుడు సుంకన్న. మూడేళ్లు ఆ జేబులో బీడీకట్టతో కాపురం చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సాగు సలహాలు ఫోన్‌లో చెబుతామంటూ వ్యవసాయ ఆఫీసువాళ్లు ఊళ్లోకి వచ్చిన రోజు ఆడవాళ్లంతా చేలల్లో కలుపు తీస్తున్నారు. టీ అంగడి దగ్గరున్న మగవాళ్ల నంబర్లు రాసుకుని, రైతులంతా నమోదయ్యారని వెళ్లిపోయారు. ఆహా, ఏం రైతులు! వేరుశనగ విత్తనాలు ఒలిచేది, కలుపు తీసేది, చెట్టు పీకి ఎండబెట్టేది ఓబులమ్మ. సుంకన్న అప్పుడప్పుడు గట్టు మీద నిలబడి చూసొస్తాడు.

మూడో ఏడు ఓబులమ్మ మూడెకరాల వేరుశనగ పీకి చేలోనే ఆరబెట్టింది. పొద్దున పదింటికి టీ అంగట్లో నేను మోగాను. "రైతు సోదరులారా, నమస్కారం" అన్నంతవరకు విని, "రోజూ ఉండే గోలే" అంటూ సుంకన్న నన్ను బల్ల మీద బోర్లించి పేకముక్కలు అందుకున్నాడు. "రేపటి నుంచి మూడు రోజులు వాన, పీకిన చెట్టును ఈరోజే కుప్పగా వామి వేసి టార్పాలిన్ పట్ట కప్పండి." చెప్పాల్సిందంతా చెప్పాను, ఆ చెక్కబల్లకు!

వాన కురిసింది. కాయలు చేలోనే మొలకెత్తాయి. పైగా సుంకన్న పెళ్లాం మీదే ఎగిరాడు. "మబ్బు పట్టింది కనపళ్లేదా? కండ్లు యాడ పెట్టుకున్యావే?" ఛీ! నాకున్న నోరు ఇతరుల మాటలకే గానీ నా మాటకు పనికిరాదు.

వారం తర్వాత సుంకన్న నీళ్లు పోసుకుంటుంటే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఓబులమ్మ ఎత్తింది.

"వానొస్తుందని ముందే చెప్పాం కదమ్మా, పంట దక్కిందా? ఒకసారి ఫోన్ రైతుకివ్వమ్మా."

ఓబులమ్మ నన్ను చెవికి అదిమిపట్టింది. "ముందే చెప్పినారా? ఎవురికి సారూ? పీకింది నేను. మొలకలొచ్చిన కాయలు ఏడ్సుకుంటా ఏరుతాండేది నేను. మా ఆయప్పకి చేను ఏ మూలుందో గూడా తెల్దు. రైతుని నేనే. నా పేరు రాసుకో, ఓబులమ్మ!"

సుంకన్న తడిచేత్తో వచ్చి, "ఇట్ల తే" అన్నాడు.

"ఇంగ ఇయ్యను పో" అని నన్ను నడుము పక్కన రొండిన దోపుకుంది.

ఇప్పుడు నా మీటలు అరిగిపోయాయి, బ్యాటరీకి రబ్బరుబ్యాండే దిక్కు. అయినా పదింటికి చేలో మోగుతాను. కలుపు తీస్తున్న పన్నెండుమంది ఆడవాళ్లు నడుము ఎత్తి నా చుట్టూ చేరతారు. ఆ రికార్డు గొంతు ఈరోజుకీ "రైతు సోదరులారా" అనే మొదలుపెడుతుంది.

"చెప్పు నాయనా, వింటాండాం" అంటుంది ఓబులమ్మ.

ఆ మాట అవతలివాళ్లకు వినబడదు.