కోయొద్దన్న పడవ

ఇత్తడి మోగుతుంది.

రాగి పాడుతుంది.

ఈ లోహం మాత్రం — దగ్గుతుంది.

తలుపు చాటున నిలబడి ఆండాలు విన్నది. బండి మీద నుంచి దించుతుంటే అది వాకిలి గోడకు తగిలి ఒక్కసారి దగ్గింది. పొడి దగ్గు. చాలాకాలం మాట్లాడని మనిషి, మొదటి మాటకు ముందు గొంతు సవరించుకున్నట్టు.

పడవ.

హైదరాబాదు పాతబస్తీ జహనుమాలో, బిందె నీళ్ళ కోసం జుట్లు పట్టుకునే గల్లీలో, తులసికోటకూ బొగ్గులకుంపటికీ నడుమ — పడవ.

పాత అల్యూమినియం పడవ. ఏదో సర్కారు దఫ్తరు వేలం వేస్తే ఆండాలు బావ రామ్‌చందర్ పాట పాడి తెచ్చాడు. చార్మినార్ దగ్గర వాళ్ళది ఇత్తడి, రాగి సామాన్ల దుకాణం. తాతల నాటి కంచరి పని. రామ్‌చందర్ దుకాణంలో కూర్చుంటాడు, తమ్ముడు వైకుంఠం, ఆండాలు భర్త, ఇంటి వెనక సుత్తి పడతాడు. ఇప్పుడు జనం రాగిబిందెలు ఇచ్చి సిల్వర్ గంజులు — అల్యూమినియం గిన్నెలు — పట్టుకుపోతున్నారు. అందుకని రామ్‌చందర్ తుక్కు కూడా కొంటున్నాడు. ఈ పడవను ముక్కలు కోయించి, గంజులు చేసేవాళ్ళకు అమ్మేస్తాడు.

"గీ సిల్వరే మన నోటికాడి బుక్క గుంజుకున్నది. దీన్నే తెచ్చి నా వాకిట్ల పండవెడ్తవారా?" తల్లి రుక్మాబాయి లేచింది.

"కోసేటోడు రాంగనే పోతది అవ్వా. జర ఓపిక పట్టు."

పడవ సొట్టలతో, పగుళ్ళతో, పక్కకు ఒరిగి పడుకుంది.

ఆండాలు దాన్ని చూస్తూ ఉండిపోయింది.

ఆ ఇంట్లో ఆండాలు దగ్గర అందరూ మెల్లగా మాట్లాడతారు.

ఒక పొద్దున ఆమె లేవలేకపోయింది. జ్వరం లేదు. నొప్పి లేదు. దుఃఖం ఉంటే, దానికి పేరు లేదు. ఎందుకని అందరూ అడిగారు. కారణం చెప్పి ఉంటే వాళ్ళకు బాగుండేది. ఆమెకూ బాగుండేది. దర్గాలో తాయెత్తు కట్టించారు. వేపమండలతో దిగదుడిచారు. చివరికి పెద్దాసుపత్రి... తలకు కరెంటు... తెల్ల గోడలు, తెల్ల మాత్రలు, తెల్లటి మరుపు.

తిరిగి వచ్చింది. లేస్తుంది. తింటుంది. బియ్యంలో రాళ్ళు ఏరుతుంది.

కానీ ఆమె లేనప్పుడు ఇల్లు ఎలా సర్దుకుందో, ఆమె వచ్చాక కూడా అలాగే ఉండిపోయింది. తాళపుచెవులు అత్త నడుముకు. కత్తిపీట అత్త గదిలో. కూతురు నీలమ్మ అత్త పక్కలో. బడికి తీసుకుపోయేదీ, తలదువ్వేదీ, జాతరకు తిప్పేదీ అత్తే. నీలమ్మ చెయ్యి పట్టుకుని ఆండాలు ఒక్కతే గడప దాటలేదు — వచ్చినప్పటి నుంచి.

ఎవరూ వద్దనలేదు.

అదే కష్టం. వద్దంటే ఎదురు చెప్పొచ్చు.

రంపం పట్టుకొని కోసేవాడు వచ్చిన పొద్దున ఆండాలు పడవలో కూర్చుని ఉంది. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకొని, రెండు అంచులూ రెండు చేతులతో పట్టుకొని.

"కోయొద్దు."

ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. లోపలెక్కడో, మాత్రల కింద, మరుపు కింద, తడవకుండా దాచుకున్న ఒక్క మాట.

కోసేవాడు రంపం దించాడు. రామ్‌చందర్ తమ్ముడి వైపు తిరిగాడు.

"నీ పెండ్లానికి జర నచ్చజెప్పు తమ్మీ."

వైకుంఠం తల గోక్కున్నాడు. "ఏం చెప్పాలె అన్నా? కోయొద్దంటుంది గద."

"కోయకుంటే ఏం జేస్తరు? ఊరేగిస్తరా?"

"బాగుచేస్తం," అన్నది ఆండాలు. "నీళ్ళల్ల ఏస్తం. నీలను ఎక్కించుకొని నేను తీసుకపోత. మేమిద్దరమే."

రుక్మాబాయి చెయ్యి నడుము దగ్గర తాళపుచెవుల గుత్తి మీదికి పోయింది.

"వానలు పొయ్యేదాక చూస్త," అన్నాడు రామ్‌చందర్ చివరికి. "నీళ్ళ మీద నిలిస్తే నిలిచింది. లేకుంటే రంపమే. ఇగ లొల్లి జేయొద్దు."

పిల్లను ఎక్కించే మాట గురించి ఎవరూ ఏమీ అనలేదు. మళ్ళీ, ఎవరూ వద్దనలేదు.

అలా మొదలైంది.

దుకాణం మూసిన రోజుల్లో వైకుంఠం పడవను బోర్లించి, కింద ఇసుక మూట పెట్టి, కొయ్యసుత్తితో సొట్టలు తీసేవాడు. పగిలిన చోట రేకు పరిచి రివిట్లు కొట్టేవాడు. ఇత్తడి రివిట్లు. ఆలోచించి కాదు — చెయ్యి దానంతటదే ఆ డబ్బాలోకి పోయింది. ఇత్తడి గట్టిది. ఇత్తడి నమ్మకమైనది. ఇత్తడి తాత.

మొదట రుక్మాబాయి దూరం నుంచే ముక్కు చిట్లించింది. తర్వాత ఆ మురికి చూడలేక కొంగు బిగించి వచ్చింది. చింతపండు పిసికింది. ఉప్పు కలిపింది. రాగిబిందె తోమినట్టే తోమింది — పీచుతో, కసితో, పాత శత్రువు వీపు రుద్దుతున్నట్టు. పడవ తెల్లగా మెరిసింది.

"సిల్వరైతే ఏంది... చింతపండుకు లొంగంది ఉంటదా!"

నీలమ్మ పడవ మూతికి రెండు కళ్ళు గీసింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

ఆండాలుకు ఇచ్చిన పని — అందించడం. రేకు అందించు. రివిటు అందించు. నీళ్ళు అందించు. సుత్తి మాత్రం ఆమె అందించబోయేలోపే ఎవరో ఒకరు తీసుకునేవారు. నవ్వుతూ. మెల్లగా.

ఆమె చూసింది. ఊరుకుంది.

వానలు వచ్చాయి.

పడవను వెల్లకిలా పెట్టి వాన పట్టారు. ఉప్పూ పులుసూ ఇంకా సందుల్లో ఉండగానే, వాననీళ్ళు నిండాయి. నిలిచాయి. ఒక్క చుక్క కిందికి పోలేదు. లోపలి నీళ్ళు బయటికి పోకుంటే బయటి నీళ్ళు లోపలికి రావని వైకుంఠం అందరికీ చెప్పాడు. ఆ నీళ్ళను పారబోయడానికి ఎవరికీ మనసొప్పలేదు. ముచ్చటగా అలాగే ఉంచారు. వానాకాలమంతా.

గల్లీ అంతా వచ్చి చూసి పోయింది.

"క్యా భాయ్, చార్మినార్ మునుగుతదా ఏంది? మాకు గూడ జాగ ఉంచు!"

పక్కింటి వరమ్మ గోడ మీది నుంచి తల పెట్టింది. "ఆండాలుకు తగ్గిందనుకున్న. తగ్గుడు కాదు, ఇంటోల్లందరికి అంటిచ్చింది."



"రా వరమ్మా," అన్నది ఆండాలు. "నీకు గూడ అంటిస్త."

నీలమ్మ పక్కుమంది. వైకుంఠం మొహం తిప్పుకొని భుజాలు ఊగేలా నవ్వాడు. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఎవరో గట్టిగా మాట్లాడారు. ఎవరో గిన్నె కింద పడేశారు. ఎవరూ ఉలిక్కిపడలేదు.

వానలు వెనకబడ్డాక ఒక పొద్దున నీలమ్మ అరిచింది.

"బాపూ! తెల్లగ బూజు!"

ప్రతి ఇత్తడి రివిటు చుట్టూ తెల్లటి పొడి. ముగ్గులా... బూడిదలా... నీలమ్మ వేలితో తాకింది. వేలు లోపలికి పోయింది. అక్కడ నుంచి సన్నగా దారం లాంటి ధార. ఇంకో చోట. ఇంకో చోట. వానాకాలమంతా నిలిచిన నీళ్ళు వాకిట్లోకి జారిపోయాయి.

ఇత్తడి చెక్కుచెదరలేదు. బంగారంలా మెరుస్తోంది. దాని చుట్టూ ఉన్నదాన్ని తినేసింది.

రుక్మాబాయి కూలబడింది. "నా చింతపండే తిన్నదా?"

"నా రివిట్లు అవ్వా," అన్నాడు వైకుంఠం. "నీదేం లేదు."

ఆండాలు ఆ పొడిని రెండు వేళ్ళ నడుమ నలిపింది. మెత్తగా ఉంది. వీళ్ళు మంచే చేశారు. వాళ్ళకు తెలిసిన మంచి, ఇత్తడికి చేసే మంచి, చేతులు నొప్పిపుట్టేదాకా చేశారు. అది వేరే లోహమని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఆమెకు ఏడుపు రాలేదు.

కోపం వచ్చింది. వేడిగా, శుభ్రంగా, ఆకలి వేసినట్టు. ఇన్నాళ్ళూ ఎక్కడుందో తెలియని కోపం. రాగానే గుర్తుపట్టింది — నాదే.

రామ్‌చందర్ వచ్చి చూశాడు. "అయిపోయింది గద. ఇగ కోసేటోన్ని పిలుస్త."

ఆండాలు వెనక షెడ్డులోకి నడిచింది. ఉలి తీసుకుంది. సుత్తి తీసుకుంది.

ఆండాలు చేతిలో సుత్తి. రుక్మాబాయి నీలమ్మను తన వెనక్కు లాగింది. రామ్‌చందర్ అడుగు ముందుకు వేశాడు. ఎందుకో ఆగాడు.

ఆమె పడవ పక్కన కూర్చుంది. రివిటు తల కింద ఉలి ఆనించింది. కొట్టింది. ఇత్తడి ఎగిరి రాళ్ళ మీద పడి — మోగింది.

ఇంకొకటి.

ఇంకొకటి.

"సిల్వర్‌కు సిల్వరే పెట్టాలె," అన్నది తల ఎత్తకుండా. "వేరేది దానికి పడ్తలేదు."

వైకుంఠం తుక్కు కుప్ప కెలికి, లావుపాటి పాత కరెంటు తీగ బయటికి లాగాడు. అల్యూమినియం తీగ. ముక్కలు నరికాడు. తినేసిన చోటల్లా వెడల్పుగా సిల్వర్ రేకే కొత్తగా పరిచాడు.

రివిటు కొట్టడానికి ఇద్దరు కావాలి. బయట ఒకరు కొడితే, లోపల ఒకరు ఇనుపదిమ్మె ఆనించి పట్టుకోవాలి. కొట్టేవాళ్ళు కనపడరు. దెబ్బ కనపడదు. పలుచటి రేకు అవతల దెబ్బ పడుతుందని తెలిసి, చెయ్యి అక్కడే ఉంచాలి.

వైకుంఠం లోపలికి వంగి దిమ్మె పట్టాడు.

"కొట్టు," అన్నాడు.

ఆమె కొట్టింది.

వాళ్ళ పెళ్ళిలో, ఆసుపత్రి మెట్ల మీద, చీకటి గదుల్లో... ఎన్నడూ అంత దగ్గరగా వాళ్ళు ఉండలేదు. మధ్యలో రేకు ఉంది. ఒకరి మొహం ఒకరికి కనపడలేదు. అయినా.

చలి మొదలయ్యాక పడవను తోపుడుబండి మీద కట్టారు. ఇల్లంతా వెంట నడిచింది. బహదూర్‌పురా దాటుతుంటే ఆటోవాలాలు హారన్లు కొట్టారు. ఒకడు తొంగిచూసి, "కష్తీ లేకే కిధర్ మియా?" అని, పడవతో ఎక్కడికని అడిగాడు. "పానీ కో!" అన్నది రుక్మాబాయి, ఎటూ చూడకుండా. జూ గోడ వెనక ఏదో మృగం ఒక్కసారి అరిచి ఊరుకుంది.

మీర్ ఆలం చెరువు ఎండలో కదులుతూ ఉంది.

పడవను నీళ్ళలోకి తోశారు. తేలింది. ఆండాలు ఎక్కి, వైకుంఠం చెక్కిన తెడ్లు పట్టుకొని కూర్చుంది. అడుగున, అతుకు దగ్గర, ఒక తడి గీత. గీత చుక్కైంది. చుక్క ఇంకో చుక్కను పిలిచింది.

"నీళ్ళొస్తున్నయ్!" రామ్‌చందర్ గట్టు మీద నుంచి కేకేశాడు. "చెప్పిన్నా? ఎత్తుండ్రి బయటికి!"

"కారుడు వేరు బావా, మునుగుడు వేరు. నీళ్ళ మీద నిలిస్తే అన్నవ్. నిలిచింది."

గట్టు మీద చేపలు పట్టే ముసలాయన చుట్ట తీసి నవ్వాడు. 

"నీలా," అన్నది ఆండాలు. "రా."

చెయ్యి చాపింది. బతిమాలలేదు. చాపి ఉంచింది.

రుక్మాబాయి పిడికిట్లో నీలమ్మ మణికట్టు. "నేను గూడ ఎక్కుత."

"ముగ్గురెక్కితే మునుగుతది అత్తా."

"దానికి ఈత రాదే!"

"నాకొస్తది."

అత్త ఆమెను చూసింది. ఆ ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి. పుట్టింటి దిగుడుబావిలో, అన్నలతో పందెం వేసి నేర్చుకున్న సంగతి. అడిగినవాళ్ళు లేరు.

"నీళ్ళు ఆగవు," అన్నది ఆండాలు. దాచలేదు. "వస్తనే ఉంటయ్. తోడుకుంట పోతం. నేను తెడ్డేస్త, అది తోడుతది. భయమైతే ఎనక్కి మర్రి వస్తం."

గాలి నీళ్ళ మీద నడిచింది.

పిడికిలి వదులైందో, పిల్లే విడిపించుకుందో ఎవరూ చెప్పలేరు. నీలమ్మ పడవలో ఉంది. పడవ ఒక పక్కకు ఊగి, సర్దుకుంది.

రుక్మాబాయి సంచిలోంచి తాగునీళ్ళ రాగిచెంబు తీసింది. ఉన్న నీళ్ళన్నీ చెరువులో గుమ్మరించింది. ఖాళీ చెంబు మనవరాలి చేతిలో పెట్టింది.

"తోడు బిడ్డా. చెయ్యి ఆపకు."

"సరే బాపమ్మా."

వైకుంఠం నడుము లోతు నీళ్ళలో పడవ వెనక అంచు పట్టుకొని నిలబడి ఉన్నాడు. అతని వేళ్ళు తెల్లబడ్డాయి.

"వదులు," అన్నది ఆండాలు.

"ఆండాలూ..."

"వదులు."

వదిలాడు.

తెడ్డు పడింది. ఒకటి వంకర, ఒకటి సరి. పడవ తిరిగింది, తడబడింది, దారి పట్టింది. గట్టు చిన్నదైంది. గట్టు మీది మనుషులు చిన్నవాళ్ళయ్యారు. వాళ్ళ చింత మాత్రం నీళ్ళ మీద వెంట వచ్చింది — "చాలు... మర్రుండ్రి... ఆండాలూ..."

ఆమె తల తిప్పలేదు.

చీలమండల దగ్గర చల్లగా ఉంది. ఎంత దూరం పోగలరో ఆమెకు తెలియదు. రేపు పొద్దున లేవగలదో లేదో, అదీ తెలియదు. తిరిగి పోవాలి. పోతారు.

ఇప్పుడే కాదు.

"అమ్మా, ఇంక ఎంత దూరమే?"

"ఇంకొంచెం."

ఎండ నీళ్ళ మీద పగిలి, కలిసి, మళ్ళీ పగులుతోంది.

చెంబు మునుగుతుంది.

చెంబు లేస్తుంది.

నీళ్ళు మాత్రం — వస్తూనే ఉంటాయి...