గుడారం చుట్టూ బాట

కెటిల్‌ను పొట్టకు ఆనించుకుని, రెండో చేత్తో గుడారం తాడు పట్టుకుని, హద్నే మళ్ళీ చుట్టు తిరిగి వెళుతోంది. లోపలి నుంచైతే అది రెండు మూడు అంగల దూరం. బయటి నుంచి వెళ్ళాలంటే ఆస్పత్రి గుడారాన్నంతా చుట్టి రావాలి. మే నెల వచ్చినా గాలికి సిగ్గు లేదు, ఎదురుగా వచ్చి మంచును మొహాన కొడుతోంది. వెనక గోడ దగ్గర ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. అంచున పేరుకున్న మంచును మోచేత్తో తోసి, గుడ్డను జానెడు పైకెత్తి, మగ్గు నింపి లోపలికి జరిపింది. లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చి మగ్గు అందుకుంది.

"వచ్చావా అవ్వా? ఎలా ఉంది పొయ్యి?" అంది చెయ్యి తాలూకు గొంతు.

"మండుతోంది."

"మండితే సరిపోయిందా? వేడంతా గొట్టంలోంచి దేవుడి అరికాళ్ళకు పోతోంది. కట్టినవాణ్ణి తన్నాలి."

అతని పేరు సావెలీ. వోలగ్దా దగ్గర పల్లెల్లో ఇళ్ళకు ఇటుక పొయ్యిలు కట్టేవాడు. ఇప్పుడు తుంటిలో గుండు దిగి, పాదాలు రెండూ నల్లబడి, పొయ్యికి అందరికంటే దూరంగా, గుడారం గోడ పక్కనే పడుకుని ఉన్నాడు. అతనికి దొరికిన చోటు అది.

లీత్సా నది అవతలి కొండలు పట్టుకోవాలని ఏప్రిల్ ఆఖర్న రష్యన్ సైన్యం దాడి మొదలుపెట్టింది. వెళ్ళిన రోజు ఎండ కాసింది. కుర్రాళ్ళు ఉన్ని బూట్లతో కరిగిన మంచులో నడిచారు, బూట్లు నీళ్ళు పీల్చాయి. ఆ మీద వాన, వాన మీద మంచుతుఫాను. తిండి పైకి చేరలేదు, గాయపడ్డవాళ్ళు కిందికి చేరలేదు. బండ్లు లాగే రెయిన్‌డీర్లు కట్టిన పగ్గాల్లోనే కూలబడ్డాయి. కొండలు మాత్రం జర్మన్ల చేతిలో ఎక్కడివక్కడే ఉన్నాయి.

హద్నే ఆస్పత్రి మనిషి కాదు. ఉత్తరాన రెయిన్‌డీర్లు మేపే తన నేనెత్స్ జాతి బండివాళ్ళతో కలిసి వచ్చింది, వాళ్ళ తోలు బూట్లు కుట్టడానికి, చేతి తొడుగులు బాగుచెయ్యడానికి, వాళ్ళ డేరాలో నిప్పు ఆరిపోకుండా చూడటానికి. పొట్టి మనిషి, వంకర కాళ్ళు. తోలు నమిలి నమిలి ముందు పళ్ళు చిగుళ్ళ దాకా అరిగిపోయాయి. సూది నెట్టీ నెట్టీ బొటనవేలు కాయ కాసింది. గాయపడ్డవాళ్ళు గుడారం పట్టనంతమంది వచ్చేసరికి, నీళ్ళివ్వడానికి ఈమెను పిలిచారు.

లోపల గాయపడ్డవాళ్ళు నడవాకు అటు రెండు వరసలు, ఇటు రెండు వరసలుగా పడుకుని ఉన్నారు. మధ్యలో కాలు పెట్టే చోటు లేదు. గోడ పక్క వరసకు నీళ్ళివ్వాలంటే ముందు వరసవాళ్ళను దాటాలి. డాక్టరమ్మ కపిటొలీనా రోజంతా దాటుతూనే ఉంది, పొడుగు కాళ్ళ మనిషి. హద్నే దాటదు. వాళ్ళ జాతిలో ఆడది మగవాణ్ణి దాటదు. అతని తుపాకీని దాటదు, బండి పగ్గాన్ని దాటదు. దాటితే అతని అదృష్టం తెగిపోతుంది. ఇందులో సిగ్గూ బిడియం లాంటివేం లేవు, అతని ప్రాణం మీద భయం, అంతే.

మొదటిరోజే కపిటొలీనా కేకలేసింది.

"ఇది ఆస్పత్రి అవ్వా! ఇక్కడ ఆడా మగా ఏంటి? దాటు!"

"నువ్వు దాటచ్చు డాక్టరమ్మా. నీ చేతిలో మందుంది. నా చేతిలో ఉన్నవి ఉత్త నీళ్ళేగా."

కపిటొలీనాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "నీ ఇష్టం. గాలికి ఎగిరిపోతే నేను మాత్రం వెతకను" అంది.

ముందు వరసలో కడుపుకు కట్టు కట్టిన ఒక పెద్దాయన అదంతా విన్నాడు. "నా మీంచి దాటవే అవ్వా. తెగిపోడానికి నాకింక ఏం మిగిలిందని?" అన్నాడు.

"ఉన్నదాన్ని ఉండనీ నాయనా" అని హద్నే కెటిల్ తీసుకుని బయటికి నడిచింది.

ఆమెకు పెళ్ళయిన రెండో వసంతంలో మొగుడు ఎడెయ్కో సీల్ వేటకు వెళ్ళి, మంచు పగిలి సముద్రంలో పోయాడు. అత్త ఏడవలేదు. కోడలి మొహంలోకి చూసి, "ఎప్పుడో ఏదో దాటుంటావు" అంది. అంతే, ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. తిట్టి ఊరుకున్నా బాగుండేది. ఆనాటి నుంచీ హద్నే గుర్తు చేసుకుంటూనే ఉంది. డేరాలో చీకటి, కొత్త కాపురం, నేలంతా తాళ్ళు, తోళ్ళు. దాటిందా? దాటలేదా? గుర్తు లేదు. తెలియకుండానే దాటి ఉండచ్చు. అప్పట్నుంచి తల వంచుకునే నడిచింది. ఎంత అణకువ గల మనిషో అని మంద వాళ్ళు మెచ్చుకునేవారు. ఆమె చూసుకునేది నేల మీది తాళ్ళను. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఇంకొకడి ప్రాణం ఎవరు మోస్తారు?

మధ్యాహ్నం దాటాక బండివాడు తెతాకో వచ్చాడు. అతని బండిమీద ఇద్దరు గాయపడ్డవాళ్ళు ఉన్నారు, ఒకడు దారిలోనే పోయాడు. తెతాకో కనుబొమల నిండా మంచు.

"దాడి ఆపెయ్యమన్నారు పిన్నీ. అందర్నీ వెనక్కి రమ్మన్నారు."

"కొండ దొరికిందా?"

"ఎక్కడ దొరుకుద్ది పిన్నీ" అన్నాడు. చేత్తో మొహం తుడుచుకుని, "గాలి కాస్త తగ్గితే పొద్దున్నే అందర్నీ రోడ్డు దాకా చేరుస్తాం. పొద్దుటి దాకా కాపాడుకోండి" అన్నాడు.

కపిటొలీనా గోడ పక్క వరస వైపు చూసింది. గాలి గుడ్డను లోపలికి నెడుతోంది. అంచు కింది నుంచి మంచుపొడి సావెలీ వీపు మీద పడుతోంది. "వీడు పొద్దుటి దాకా ఆగడు. పొయ్యి దగ్గరికి జరుపుదామంటే చోటేదీ?" అని గొణిగింది. హద్నే ఆ మాట వింది.

బయటికి వెళ్ళి అంచు మీద మంచు ఎత్తి పోసింది. గాలి ఊడ్చుకుపోయింది. మళ్ళీ పోసింది, మళ్ళీ పోయింది. ఆమె తోలుకోటు మొదటి వానకే తడిసింది. పొయ్యి మీది కర్రల నిండా ఆరబెట్టిన మగవాళ్ళ కాలిగుడ్డలే వేలాడుతుంటే, వాటికి చోటిచ్చి తన కోటును తడిగానే తీసి తొడుక్కుంది. ఇప్పుడది చెట్టు బెరడులా బిగిసిపోయింది. కాసేపు నిలబడి చూసింది. తర్వాత గుడారం అంచును తన కిందికి మడిచి, గోడకు వీపు ఆనించి కూర్చుంది. కెటిల్ మోకాళ్ళ పక్కన పెట్టుకుంది. లోపలికి గాలి రావడం ఆగింది.

"ఎవరూ? అవ్వా, నువ్వేనా?" సావెలీ గొంతు గుడ్డకు అవతలే ఉంది.

"నేనే. కాళ్ళు లాగుతున్నాయి. కాసేపు కూర్చుంటా."

"లోపలికి పోవే తల్లీ. గడ్డకట్టుకుపోతావు."

"నేను పుట్టిందే తుఫానులో. నాకు పెట్టిన పేరు కూడా అదే. నాకేం కాదులే, నువ్వు పడుకో."

అతను కాస్త జరిగి తన వీపు ఆమె వీపుకు ఆనించాడు. మధ్యలో గుడ్డ ఒక్కటే. వెచ్చగా ఉంది.

"యుద్ధం అయిపోయాక మీ డేరాలో ఇటుకల పొయ్యి కట్టిపెడతా అవ్వా. జన్మలో ఆరదు."

"మేం నెలకో చోటికి పోతాం. నీ ఇటుకలెవడు లాగుతాడు? మా రెయిన్‌డీర్లు నన్ను తిడతాయి."

సావెలీ నవ్వాడు. తుంటి నొప్పి పుట్టి మూలిగాడు, మళ్ళీ నవ్వాడు. వాళ్ళ ఊళ్ళో ఇటుక పొయ్యి పైన కట్టే వెచ్చటి అరుగు మీద పడుకుంటే ఎంత హాయిగా ఉంటుందో చెప్పాడు. ఆమె ఊఁ కొడుతూ వింది. కొంతసేపటికి అతని మాటలు ఆగి ఊపిరి నిదానించింది. హద్నే ఆ ఊపిరిని వీపుతో వింటూ కూర్చుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక మగమనిషి ఊపిరి అంత దగ్గరగా వింది. లేవాలనిపించలేదు.

సావెలీకి మెలకువ వచ్చేసరికి తుఫాను వెలిసింది. గుడ్డలోంచి వెలుతురు పడుతోంది. వీపు వెనక ఆమె అలాగే ఉంది, కదల్లేదు. "అవ్వా" అన్నాడు. నిద్రపోయిందనుకున్నాడు. అప్పుడు తెలిసింది, వెచ్చదనం లేదు. అతను అరిచిన అరుపుకు గుడారమంతా లేచింది.

కపిటొలీనా అతని వైపు రెండడుగులు వేసి, ముందు వరస దగ్గర ఆగిపోయింది. వెనక్కి తిరిగి, తలుపులోంచి బయటికి వెళ్ళి, తాడు పట్టుకుని, గుడారం చుట్టూ నడిచి వచ్చింది. తెతాకో అప్పటికే అక్కడ మోకాళ్ళ మీద ఉన్నాడు. హద్నే తల వంచుకుని, నేల మీద ఏదో చూసుకుంటున్నట్టు కూర్చుని ఉంది. కపిటొలీనా ఆమె పక్కన మంచులో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

నడవా దగ్గరి వరసను ముందు బయటికి తీశారు, తర్వాత గోడ పక్క వరసను. ఎవరూ ఎవరినీ దాటాల్సిన పని పడలేదు. కడుపు కట్టు పెద్దాయన రాత్రే పోయాడు. సావెలీ పాదాలు పోయాయి గాని బతికాడు.

గుడారం విప్పేశాక తెతాకో కత్తి తీసి కెటిల్ అడుగున పొడిచాడు.

"మంచి కెటిల్‌రా, ఎందుకు పాడు చేశావ్?" అంది కపిటొలీనా.

"చిల్లు పడితేనే పిన్నికి పనికొస్తది డాక్టరమ్మా. పోయినవాళ్ళ లోకంలో అన్నీ తిరగేసుంటాయి, ఇక్కడ పాడైంది అక్కడ బాగుంటది."

తెతాకో దాన్ని హద్నే కూర్చున్న చోటే ఉంచి, ఆమెను తన బండి మీద పడుకోబెట్టాడు. బండ్లు కదిలాయి. రాత్రి గాలి మెత్తటి మంచునంతా ఊడ్చేసింది. హద్నే అడుగుల కింద గట్టిపడ్డ మంచు మాత్రం చెదరకుండా, చుట్టూ గట్టు కట్టినట్టు పైకి లేచి ఉంది. లోపల గుడారం లేదు. ఆ గట్టు మీద, వెనక వైపున, చిల్లు పడ్డ కెటిల్ ఒక్కటే ఉంది, దాని ముక్కు ఇంకా గోడ ఉండిన వైపే తిరిగి ఉంది.